నీలం మూత, పసుపు లైటు

2వ తేదీ, సోమవారం

ఉదయం 6.50. మా కొత్త లారీలో స్టీరింగు వెనక ఒక లైటు వెలిగింది. పసుపు రంగు. కింద అలలు, పైన పొగ. కాఫీ కప్పు బొమ్మ అనుకున్నాను. ముచ్చటగా ఉంది.

6.55. కాఫీ కాదు. బొమ్మ పక్కన అక్షరాలు కూడా వచ్చాయి. 'పొగ శుద్ధి ద్రవం సరిగా లేదు. 600 కి.మీ. తర్వాత వేగం తగ్గించబడును.'

7.10. నాన్న చూశారు. ఏమీ అనలేదు. బాబాయి చూశాడు. చాలా అన్నాడు.

"చూశావా అన్నయ్యా? పెద్దోడు ఇరవై రెండేళ్లలో ఒక్కసారైనా ఇలా బెదిరించాడా? పొగొస్తే పొగ, అంతే. వీడు రెండు నెలలు తిరక్కుండానే షరతులు పెడుతున్నాడు!"

పెద్దోడంటే మా పాత లారీ. చిన్నోడంటే ఇది. పేర్లు అమ్మ పెట్టింది.

7.30. ఇక్కడొక సంగతి దాచకుండా రాయాలి. పెద్దోడిని అమ్మేసి చిన్నోడిని కొనమన్నది నేనే. ఇంట్లో నేను నోరు విప్పి ఇచ్చిన మొదటి సలహా. మూడు పేజీలు రాసుకుని, నిలబడి, చదివి వినిపించాను. నాన్న విన్నారు. కొన్నారు. నా ఇరవై మూడేళ్ల నోటికి ఇప్పటిదాకా వచ్చిన ఫలితం ఆ లారీ ఒక్కటే. ఇప్పుడు దాని మీద పసుపు లైటు.

8.00. బాబాయి ఫోన్లు చేసి వచ్చాడు. పెద్దోడిని కొన్న ఇటుకల వ్యాపారి మళ్లీ మార్పిడికి ఒప్పుకున్నాడట. ఆదివారం వస్తాడట. పెద్దోడిని ఇక్కడ వదిలి చిన్నోడిని తోలుకుపోతాడట.

నాన్న: "ఆదివారం దాకా చూద్దాం." నా వైపు చూడకుండా అన్నారు. చూసి అన్నా బాగుండేది.

8.15. నిర్ణయం!

1. ఆదివారం లోగా ఆ లైటు నేనే ఆర్పుతాను.
2. లారీతో వచ్చిన పుస్తకం (412 పేజీలు) మొదటి పేజీ నుంచి చదువుతాను.
3. ఎవరినీ ఒక్క మాట అడగను.

మూడోది తేలిక. పన్నెండేళ్లు కాన్వెంటులో చదివాను. "మూడుసార్లు పుస్తకంలో వెతికి, అప్పుడు చెయ్యెత్తు" అనేది మా సిస్టర్. నేను ఎనిమిదిసార్లు వెతికేదాన్ని కానీ చెయ్యెత్తేదాన్ని కాదు. ఇప్పటికీ ధర రాసి ఉన్న వస్తువులే కొంటాను.

10.40. 61వ పేజీ. ఎంత బాగుందో! మన లారీకి రెండు ట్యాంకులట. పెద్దది డీజిలుకి. చిన్నది, నీలం మూతది, యూరియా ద్రవానికి. ఆ ద్రవాన్ని పొగ మీద చల్లితే పొగలో విషం విరిగిపోతుంది. ట్యాంకులో ఒక సెన్సరు కూర్చుని ద్రవం రుచి చూస్తూ ఉంటుంది. రుచి నచ్చకపోతే లైటు వేస్తుంది. నోటితో అనదు. నాకు ఈ సెన్సరు మీద గౌరవం కలిగింది.

సాయంత్రం 5.00. నీలం మూత తీసి చూశాను. దాదాపు అంచు దాకా ఉంది! నాన్న ఎప్పుడో పోయించింది పెద్దగా తగ్గనే లేదు. చిన్నోడు ఎంత పొదుపరి! ఈ విషయం బాబాయికి చెప్పాలని ఉంది. చెప్పను. లైటు ఆరాక అన్నీ కలిపి చెబుతాను.

3వ తేదీ, మంగళవారం

ఉదయం 6.00. మూడు పెన్సిళ్లు చెక్కాను. జుట్టు ముడి వేశాను. మిగిలినవి 510 కి.మీ. బోలెడు!

9.20. 118వ పేజీ. 'తేమ చేరినచో సెన్సరు వైరు సరిగా పనిచేయకపోవచ్చు.' అంతే కదా! ఇంత చిన్న విషయానికి ఇటుకల వ్యాపారిదాకా వెళ్లాలా?

సాయంత్రం 4.30. లోడు దించి నాన్న వచ్చారు. లారీ కిందికి దూరాను. జీవితంలో మొదటిసారి. అదొక వేరే ఊరు! గొట్టాలు, వైర్లు, మట్టి, ఎక్కడో ఇరుక్కున్న ఒక ఆకు. సెన్సరు వైరు ఊడదీశాను. పొడిగుడ్డతో తుడిచాను. మళ్లీ పెట్టాను.

బాబాయికి నా కాళ్లు మాత్రం కనిపించాయి.

"వదినా! లారీ కింద ఎవరివో కాళ్లున్నాయి! చెప్పులు చూస్తే మన పుస్తకమ్మవే!" తర్వాత కిందికి వంగి, "ఏమే, అక్కడ లైబ్రరీ తెరిచావా? సభ్యత్వం ఎంత?"

జవాబు తట్టింది కానీ ఐదింటికి తట్టింది.

5.15. లైటు ఆరలేదు.

6.40. నా లంగా మీద గ్రీజు చూసి అమ్మ నిట్టూర్చింది. "చిన్నోడి నీలం మూత చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటోంది అమ్మడూ. పొద్దున్నే తడిగుడ్డతో తుడిచాను, పాపం" అంది.

తలూపాను. అమ్మకి శుభ్రం ఎక్కువ. ఉప్పు గురించి 124వ పేజీలో ఉంది: ప్రమాదం లేదు.

4వ తేదీ, బుధవారం

ఉదయం 11.00. 207వ పేజీ! అడుగున, చిన్న అక్షరాల్లో! 'బ్యాటరీ వైరు పది నిమిషాలు తొలగించినచో పాత హెచ్చరికలు చెరిగిపోవును.'

సాయంత్రం 4.10. తొలగించాను.

4.20. తగిలించాను.

4.21. ఆరిందీ!!!

4.22. ఆరింది. మళ్లీ చూశాను. ఆరే ఉంది.

4.25. సీటులో కూర్చుని ఎగిరాను. మోచెయ్యి హారనుకి తగిలింది. చిన్నోడి హారను చాలా పెద్దది. వీధి చివర సైకిలు మీద వెళ్తున్న ఒకాయన దిగి నిలబడ్డాడు. నేను స్టీరింగు కిందికి దాక్కున్నాను. అక్కడ కూడా నవ్వుతూనే ఉన్నాను.

నాన్న తలుపు తీశారు. "ఆరిందా?"

"ఆరింది."

"నువ్వేనా?"

"పుస్తకం."

నాన్న నవ్వారు. ఎంత అంటే, మీసం ఒక పక్కకి జరిగేంత.

7.00. బాబాయి రెండుసార్లు లారీ ఎక్కి చూసి వచ్చాడు. ఏమీ అనలేదు. బాబాయి ఏమీ అనకపోవడం మా ఇంట్లో తేదీ వేసి రాసుకోవాల్సిన విషయం. రాశాను.

7.30. ముందు ముందు చేయవలసినవి: (1) పుస్తకంలోని పదిహేడు అచ్చుతప్పులు కంపెనీకి రాసి పంపడం. (2) లారీ నడపడం నేర్చుకోవడం? (3) కొత్త చెప్పులు.

5వ తేదీ, గురువారం

ఉదయం 6.45. వెలిగింది.

6.46. ఇంకా వెలిగే ఉంది. మిగిలినవి 340 కి.మీ. నేను చెరిపేసిందంతా గుర్తుపెట్టుకుంది. నాకంటే జ్ఞాపకశక్తి ఎక్కువ.

6.50. కారణాలు ఆలోచించాను. (అ) రాత్రి చలి. (ఆ) తెల్లవారుజాము మంచు. (ఇ) చిన్నోడికి పొద్దున లేవడం ఇష్టం లేదు. నాకు (ఇ) నచ్చింది.

6.55. నాన్న వచ్చేలోగా లైటు మీద నల్ల టేపు అతికించాను. ఇది నిర్ణయ భంగం కాదు. నియమాల్లో టేపు ప్రస్తావన లేదు.

7.00. నాన్న ఎక్కారు. చూశారు. "ఏమ్మా, ఆరిందా? కళ్లు మూసుకుందా?"

టేపు తీసి నా చేతిలో పెట్టారు. జాగ్రత్తగా, గోరుతో. తర్వాత అన్నారు: "శనివారం నర్సరీ మొక్కలు ఎక్కించాలి. పోనూ రానూ రెండొందల ఎనభై. ఎండలో మధ్య దారిలో వీడు నత్తలా నడిస్తే మొక్కలు మాడిపోతాయి. కుదరకపోతే కుదరలేదని చెప్పు తల్లీ. తప్పేం లేదు."

తప్పేం లేదు అన్నప్పుడు నాన్న గొంతు ఎంత మెత్తగా ఉందంటే, తిడితే బాగుండునని అనిపించింది.

10.00. లైబ్రరీకి వెళ్లాను. ఇంకో పుస్తకం చూడటం నియమాలకి లోబడే ఉంది. లైబ్రేరియన్ గారు "ఏం కావాలమ్మా?" అన్నారు. అంటే ఆయన అడిగారు. నేను కాదు! నేను జవాబు చెప్పాను. ఆ జవాబు చివర ప్రశ్నార్థకం ఉంది, అంతే.

ఆయనకి తెలియదు. కానీ భూమి బద్దలవలేదు.

10.40. బస్టాపులో పక్కన ఒక పెద్దాయన. "మీకు డీజిల్ లారీల గురించి తెలుసా అండీ?" అనేశాను. నా నోరేనా? ఆయన తన మోకాళ్ల గురించి చెప్పారు. చలికి, పొద్దున్నే మరీ బిగుసుకుంటాయట. (అ)కి సాక్ష్యం దొరికింది!

12.15. పోస్టుమేన్. తెలియదు.

12.20. కూరగాయలమ్మే ఆవిడ. తెలియదు. అయినా నా తరఫున కంపెనీని తిట్టింది. హాయిగా ఉంది.

1.05. ఫోన్ మోగింది. రాంగ్ నంబరు. ఎవరో ఆవిడ దర్జీ అనుకుని చేసింది. "కాదండీ, కానీ లారీలో పసుపు లైటు పొద్దున్నే ఎందుకు వెలుగుతుందో తెలుసా?" అన్నాను. "మా తమ్ముడికి తెలుసు, ఊళ్లో లేడు. నా జాకెట్టు మాత్రం శుక్రవారానికి కావాలి" అంది. సరేనన్నాను. ఎందుకన్నానో తెలియదు.

5.00. నేడు అడిగినవాళ్లు: పదకొండు మంది! తెలిసినవాళ్లు: లేరు. మూడో నియమం పరిస్థితి: రాయడానికి మనసు రావడం లేదు. కానీ చెంపలు వేడిగా, ఒళ్లు తేలిగ్గా, జ్వరం తగ్గినట్టుగా ఉంది.

5.10. బ్యాటరీ వైరు మళ్లీ తీసి పెట్టాను. ఆరింది. ఈసారి ఎగరలేదు.

6వ తేదీ, శుక్రవారం

ఉదయం 6.45. వెలిగింది. 250 కి.మీ. రేపటికి 280 కావాలి. లెక్కల్లో నేనెప్పుడూ ఫస్టు. అందుకే ఏడుపొచ్చింది.

9.30. పొగ డాక్టరు దగ్గరికి బయల్దేరాను. ఆయన మెకానిక్కు. పొగ వాసన చూసి ఇంజను రోగం చెబుతాడని అందరూ అలా పిలుస్తారు. మొదటి రోజే వెళ్లాల్సింది ఆయన దగ్గరికే. వెళ్తే అడగాలి. అందుకే వెళ్లలేదు.

సిరా సీసా కడిగి ఆరబెట్టి, అందులో ట్యాంకులోని ద్రవం పట్టుకెళ్లాను.

9.50. ఆయన షెడ్డు ముందు నిలబడి వాక్యాలు సరిచూసుకున్నాను.

10.10. ఇంకా సరిచూసుకుంటున్నాను.

10.12. లోపల్నుంచి కేక: "అమ్మాయ్! లోపలికొస్తావా, గేటుకి రంగేస్తున్నావా?"

వెళ్లాను. రాసుకున్న వాక్యాలన్నీ మర్చిపోయాను. సీసా చాపాను. "దీని రుచి సెన్సరుకి నచ్చడం లేదండీ."

ఆయన నన్నొకసారి, సీసానొకసారి చూశాడు. పెన్నులాంటి ఒక గొట్టం తీశాడు. దాని గాజు మీద ఒక చుక్క వేసి, వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూశాడు. చాలాసేపు చూశాడు.

"దీన్ని ఏమంటారు తల్లీ మీ ఇంట్లో?"

"యూరియా ద్రవం అండీ."

"మా ఇంట్లో మంచినీళ్లంటారు. యూరియా నూటికి ముప్పై రెండు ఉండాలి. తొమ్మిది ఉంది. దీంతో టీ పెట్టుకోవచ్చు." గొట్టం నా కంటికి పెట్టాడు. నిజమే. తొమ్మిది. "సెన్సరు బంగారం. ఎవరో రోజూ నీళ్లు పోస్తున్నారు."

10.20. అంటే లైటు అబద్ధం చెప్పలేదు! ఐదు రోజుల్నుంచీ నిజమే చెబుతోంది. నేనే దాని వైరు తుడిచి, జ్ఞాపకం చెరిపి, మొహం మీద టేపేశాను.

సాయంత్రం 4.00. నాన్న చిన్నోడిని షెడ్డుకి తెచ్చారు. ట్యాంకు ఖాళీ చేశారు, కడిగారు, జల్లెడ మార్చారు, కొత్త ద్రవం క్యాను పోశారు. లైటు ఆరింది. బ్యాటరీ జోలికి ఎవరూ వెళ్లలేదు. దానంతటదే ఆరింది. అసలు ఆరడమంటే ఇదీ!

పొగ డాక్టరు నాన్నతో: "పంపు ఇంకా బతికే ఉంది, అదృష్టం. మళ్లీ నీళ్లు పడితే బతకదు. అప్పుడు నా దగ్గరికి రావద్దు."

దారిలో నాన్న: "ఎవరు పోస్తారమ్మా నీళ్లు?"

నాకు తెలుసు. పెద్దోడు తిరిగి రావాలని ఎవరికి ఉంది? ఇటుకల వ్యాపారికి ఫోన్ చేసిందెవరు?

7.30. భోజనం. బాబాయి ఉప్పు అడిగాడు. వినబడనట్టు కూర్చున్నాను. యుద్ధం ప్రకటించాను. బాబాయి లేచి తనే తెచ్చుకున్నాడు. యుద్ధం మొదలైందని కూడా తెలియలేదు.

8.00. రేపు తెల్లవారకముందే లారీలో కూర్చుంటాను. బాబాయిని రెండు చేతులతో పట్టుకుంటాను.

7వ తేదీ, శనివారం

ఉదయం 4.50. లారీలో ఉన్నాను. దుప్పటి, టార్చి, పెన్సిలు. చలి.

5.15. పక్క అద్దంలోంచి నీలం మూత కనిపిస్తుంది. ఎవరూ లేరు.

5.25. బాబాయిని ఏమనాలి? "మీరు ఇలా చేస్తారనుకోలేదు." మరీ మెత్తగా ఉంది. "సిగ్గులేదా?" మరీ గట్టిగా ఉంది.

5.40. వంటింటి తలుపు. అడుగుల చప్పుడు. అద్దంలో ఒక జగ్గు. జగ్గు వెనక అమ్మ.

(ఇక్కడినుంచి 7.00కి రాస్తున్నాను. అప్పుడు పెన్సిలు కిందపడింది.)

అమ్మ చిన్నోడి బంపరు నిమిరింది. "లేచావా నాన్నా? ఇవాళ దూరం వెళ్లాలి కదా" అంది. నీలం మూత తిప్పింది. జగ్గు ఎత్తింది.

"ఆపూ!!!"

అరిచింది నేనే. హారను కూడా నేనే, రెండు చేతులతో. ఎదురింట్లో లైటు వెలిగింది. ఆ పక్కింట్లో కూడా. అమ్మ జగ్గులో నీళ్లన్నీ తన మీదే పోసుకుంది. నాన్న పరిగెత్తుకొచ్చారు. బాబాయి ఒక చెప్పుతో వచ్చాడు.

"దొంగా? ఎవడు? ఎక్కడ?"

"అమ్మ" అన్నాను.

అమ్మ తడిసిపోయి నిలబడింది. అందరి మొహాలూ చూసింది. "ఏమైందిప్పుడు? నీళ్లేగా!"

నాన్న నెమ్మదిగా: "వీడి రేడియేటరుకి నీళ్లొద్దని చెప్పాను కదోయ్, తెచ్చిన రోజే?"

"పైన ఎర్ర మూత ముట్టుకోవద్దన్నారు. ముట్టుకున్నానా? కింద నీలం మూత సంగతి ఎవరు చెప్పారు?" అమ్మ కొంగు పిండుకుంది. "పెద్దోడికి ఇరవై రెండేళ్లు రోజూ పొద్దున్నే నేనే నీళ్లు పోశాను. ఒక్క రోజైనా దారిలో వేడెక్కి ఆగాడా? వీడొచ్చాక నన్ను దగ్గరికి రానివ్వలేదు. దాహంతో పంపిస్తామా ఎవరినైనా? చూస్తే రోజూ కాస్త కాస్త తగ్గుతోంది. తాగుతున్నాడే, నేనే కనిపెట్టుకోకపోతే ఎలా అని నింపాను."

నాన్న వంగి నీలం మూత బిగించారు.

చిన్నోడు పొదుపరి కాదు. రోజూ తాగాడు. రోజూ అమ్మ నింపింది.

ముందు బాబాయి నవ్వాడు. కింద కూర్చుని మరీ నవ్వాడు. "వదినా! అంత పెద్ద కంపెనీ సెన్సరుని జగ్గుతో ఏడిపించావు!" తర్వాత నాన్న. తర్వాత నేను; నాకు ఎక్కిళ్లు వచ్చాయి. అమ్మ ఆఖరున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అది నేనొక్కదాన్నే చూశాను.

6.20. కొత్త క్యాను తెచ్చి అమ్మకి చూపించాను. ఎలా తెరవాలి, గరాటు ఎలా పెట్టాలి, మీటరులో ముల్లు ఎక్కడికి వస్తే పోయాలి.

"రోజూ వద్దా?"

"రోజూ చూడు. తగ్గితే పొయ్యి. ఇదే పొయ్యి."

అమ్మ వేలితో ఒక చుక్క తీసి వాసన చూసింది. మొహం ముడిచింది. "ఇదేం తాగుడే తల్లీ" అంది. అయినా సెన్సరుకి ఇదే ఇష్టమని ఒప్పుకుంది.

6.40. బాబాయికి ఉప్పు డబ్బా తీసుకెళ్లి ఇచ్చాను. "ఇప్పుడెందుకే?" అన్నాడు. చెప్పలేదు.

6.50. నాన్న బయల్దేరారు. లైటు లేదు.

11.00. ఒక విషయం తట్టింది. లైబ్రేరియన్, పోస్టుమేన్, మోకాళ్ల పెద్దాయన, రాంగ్ నంబరు ఆవిడ. వారమంతా ఇంతమందిని అడిగాను. ఇంట్లో ఉన్న అమ్మని ఒక్క మాట అడగలేదు. లారీ కొనేటప్పుడూ అడగలేదు. మూడు పేజీలు రాశాను. అందులో అమ్మ ఏ పేజీలోనూ లేదు.

సాయంత్రం 6.10. నాన్న వచ్చారు. ఒక్క మొక్క వాడలేదు. లైటు వెలగలేదు. అమ్మ ఎదురెళ్లి నీలం మూత తీసి చూసింది. "తాగాడు" అంది, తృప్తిగా.

8వ తేదీ, ఆదివారం

ఉదయం 10.00. ఇటుకల వ్యాపారి పెద్దోడిని తోలుకుని వచ్చాడు. అమ్మ ముందు పెద్దోడి దగ్గరికి వెళ్లి పలకరించింది. నేను తలుపు చాటున నిలబడ్డాను.

వ్యాపారి: "మరి మార్పిడి సంగతి?"

బాబాయి నాన్న వైపు చూశాడు. నాన్న చెయ్యి తుడుచుకుంటూ అన్నారు: "బండి సంగతా? మా అమ్మాయిని అడగండి."

అందరూ తలుపు వైపు తిరిగారు. నా చేతిలో కాగితం లేదు.

"ఇవ్వమండీ" అన్నాను. తర్వాత, "క్షమించండి."

"ఎందుకమ్మా?" అన్నాడాయన.

అడక్కుండా ఉండాల్సింది. నలభై నిమిషాలు చెప్పాను.

11.00. వ్యాపారి వెళ్లిపోయాడు. పోతూ పోతూ తన ఇంకో బండి నంబరు రాసిచ్చి, దానికెందుకు నల్లపొగ వస్తోందో కాస్త చూడమన్నాడు. బాబాయి ఆకాశం వైపు చేతులెత్తాడు. "దేవుడా, ఇన్నేళ్లూ ఈ పిల్ల మాట్లాడదని దిగులు పడ్డాం కదరా!"

9వ తేదీ, సోమవారం

మధ్యాహ్నం 12.05. నాన్న ఫోన్, దారిలోంచి. "ఇంకో లైటు వెలిగిందమ్మా. గుర్రపు నాడాలా ఉంది, మధ్యలో ఆశ్చర్యార్థకం. ఏమిటిది?"

బాబాయికి చెయ్యలేదు. పొగ డాక్టరుకి చెయ్యలేదు. నాకు చేశారు!!

12.07. పుస్తకం తీశాను.

12.08. నిర్ణయం. (1) ఈ లైటు కూడా నేనే ఆర్పుతాను. (2) పుస్తకం 208వ పేజీ నుంచి. (3) ఎవరినీ ఒక్క మాట అడగను.

12.09. అమ్మని అడిగాను. టైర్లు తుడిచిందట, అంతే. గాలి జోలికి వెళ్లలేదట. ఒట్టేసింది.

12.15. పొగ డాక్టరుకి ఫోన్ చేశాను. ఒక టైరులో గాలి తగ్గిందట, కంగారేం లేదట, ఆపి కొట్టించుకోమన్నాడు. నాన్నకి చెప్పాను.

12.20. వ్యాపారికి కూడా ఫోన్ చేశాను. ఆయన్ని అడగాల్సిన అవసరమేమీ లేదు. ఊరికే.

12.40. మూడో నియమం రేపు ఉదయం ఆరింటి నుంచి అమలు.